అన్నీ తిరస్కరించడమైనది

నాకు కోపం ఎక్కువ. దాచుకోవడం చేతకాదు. గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా టపా చూస్తున్నాను. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నెంబరు, ఒక తేదీ, నా పొట్టి సంతకం. పోయే ప్రతి కాగితానికీ అంతే. మా లోకంలో కాగితం మీద ‘వద్దు’ అని రాసి కింద సంతకం పెడితే అది వద్దే. సెలవు చీటీ మీద మేనేజరు రిజెక్టెడ్ అని రాశాక కూడా ఎవడైనా ఊరికి పోతే, వాడు తిరిగొచ్చేసరికి బల్ల మీద ఛార్జిషీటు ఉంటుంది. అందుకే ఇంటర్నెట్టులో ‘అన్నీ తిరస్కరించు’ అనే బటన్ కనబడినప్పుడు దాన్ని నేను నమ్మాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ బటన్‌తో నాకు పని పడింది మా బాపు దగ్గు వల్ల. బాపు ముప్పై మూడేళ్లు బాయి దిగి బొగ్గు నింపిన మనిషి. పెన్షను మీద ఇంటికొచ్చి పన్నెండేళ్లయింది. మా కాలనీలో తెల్లారగట్ల కోళ్ల కంటే ముందు దగ్గులే లేస్తాయి కాబట్టి ఆయన దగ్గును ఎవరం పట్టించుకోలేదు. పోయిన ఎండాకాలం ఒక పొద్దున తువ్వాల మీద రక్తం చార కనిపించింది. ఏరియా దవాఖానలో ఎక్స్‌రే తీసి హైదరాబాదుకు రాసిచ్చారు. రామగుండంలో రైలెక్కాం. కాజీపేట దాటాక, కిటికీ నుంచి చూపు తిప్పకుండానే బాపు అన్నాడు.

“ఏం తేలినా నాకు చెప్పాలె. మంచిదైనా, చెడ్డదైనా. నా పానం సంగతి నాకు ఎరుక ఉండాలె.”

“సరే బాపూ” అన్నాను.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్ను ఒక్కణ్ణే పిలిచి చెప్పాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజీ. కీమో ఎక్కిస్తే కొన్ని నెలలు కలిసి రావచ్చు, రాకపోవచ్చు, కష్టం మాత్రం ఉంటుంది. వద్దనుకుంటే నొప్పి తెలియకుండా మందులిస్తామన్నాడు. ఇంట్లో వాళ్లు ఆలోచించుకొని చెప్పండన్నాడు. ఇంట్లో వాళ్లంటే నేనూ నా భార్యా. ఫోనులో పది నిమిషాలు ఆలోచించుకున్నాం. కీమో వద్దనుకున్నాం. ఈ సంగతి బాపుకు చెప్పవద్దనుకున్నాం. తెలిస్తే బెంగతోనే పోతాడని నా భార్య ఏడ్చింది, నాకూ అదే నిజమనిపించింది.

బయటికొచ్చి, “నిమ్ము చేరిందట బాపూ. మందులు వాడితె కరుగుతదట” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, “గంతేనా?” అన్నాడు.

“గంతే” అన్నాను. అంత నున్నగా అబద్ధం నా జీవితంలో ఎప్పుడూ ఆడలేదు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. నాలుగో స్టేజీ అంటే ఎన్నాళ్లు, కీమో వద్దన్నందుకు పాపం తగులుతుందా, ఏం తినిపించాలి, నొప్పి ఎప్పుడు మొదలవుతుంది. ఆఫీసులో భోజనాల వేళ, వరండాలో చివరి కుర్చీలో, ఎవరూ చూడకుండా. ఏ సైటు తెరిచినా ముందు ఒక పెట్టె అడ్డం వచ్చేది. ‘మీ గోప్యత మాకు ముఖ్యం’ అని మొదటి వాక్యం. రెండో వాక్యంలో ‘మేమూ, మా భాగస్వాములూ’ అని ఉండేది. ఆ భాగస్వాముల జాబితా నొక్కి చూస్తే వందల పేర్లు. నా పెళ్లికి అంతమంది రాలేదు. నేను ఏ పేజీ చూశానో గుర్తుపెట్టుకోవడానికి వీళ్లందరూ నా ఫోనులో తలా ఒక చిన్న చీటీ దాచిపెడతారట. దాన్ని కుకీ అంటారట. పెట్టుకోమంటారా, వద్దంటారా అని అడుగుతున్నారు. అడిగారు కదా అని నాకు సంతోషమే వేసింది. ప్రతిసారీ వద్దనే నొక్కాను. ‘అంగీకరిస్తున్నాను’ పచ్చగా, లావుగా, పెళ్లిపందిరిలా ఉండేది. ‘తిరస్కరించు’ మాత్రం బూడిద రంగులో, మూల, చీమ తలకాయంత. అయినా వెతికి వెతికి నొక్కాను. ఒక సైటులో అయితే మూడు పేజీలు లోపలికి పోయి, ఒక్కొక్క గడినీ వేలితో పక్కకు జరిపి మరీ వద్దన్నాను. కళ్లద్దాలు తుడుచుకొని చేశాను ఆ పని.

వారం తిరక్కుండానే దెబ్బ తగిలింది.

మేము చర్చికి పోయే వాళ్లం. ఆదివారం చర్చిలో, మిగతా ఆరు రోజులు టీవీలో బాపుకు వాక్యం ఉండాలి. టీవీకి ఇంటర్నెట్టు ఉంది. ఆ సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి టీవీలో పాస్టరుగారు చేయెత్తి, అందరం కళ్లు మూసుకుందామన్నారు. బాపు కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు మాయమై, తెల్లకోటు వేసుకున్న ఒకావిడ ప్రత్యక్షమైంది. “ఊపిరితిత్తుల క్యాన్సరా? భయపడకండి, మేమున్నాం” అంది. నేను చెప్పులతోనే లోపలికి ఉరికి రిమోటు నొక్కాను. తెర నల్లబడింది.

బాపు కళ్లు తెరవకుండానే, “పాస్టరుకు ఆడోళ్ల గొంతెట్లొచ్చిందిరా?” అన్నాడు.

“కరెంటు పోయింది బాపూ.”

“ఫ్యాను తిరుగుతున్నది గద.”

“టీవీకే పోయింది” అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు.

మర్నాడు దగ్గు మందు. ఆ మర్నాడు కీమోలో తినాల్సిన పొడి డబ్బా. తర్వాత జుట్టు ఊడిన వాళ్లకు విగ్గులు. ఆ తర్వాత జీవిత బీమా, దాని వెంట ‘మీ నాన్నతో గడిపిన క్షణాలను ఒక ఆల్బంగా భద్రపరచండి’ అని ఒకటి. వాళ్ల వరస చూస్తే మా బాపు పోయేదాకా ఆగే ఓపిక కూడా లేనట్టుంది. అదంతా నా ఫోనులో వస్తే ఏడ్చుకునేవాణ్ణి. బాపు టీవీలో, బాపు ఫోనులో వస్తోంది. కంటికి అక్షరాలు ఆనాలని ఆయనకు పెద్ద తెర ఫోను కొనిచ్చింది నేనే.

“నువ్వు ఏది చూసినవో గదే వస్తున్నది” అంది నా భార్య, వంటింట్లో గొంతు తగ్గించి.

“నేను వద్దని నొక్కిన గదనే.”

“నొక్కితె?”

“నొక్కితె ఏంది? రిజెక్టు చేసిన. ఒక్కటి ఇడువకుంట.”

“శ్రీరాంపూర్ల మా అన్నకు తాగొద్దని ఇరవై ఏండ్ల సంది నేను చెప్తున్న. ఆయన తలకాయ ఊపుతనే ఉన్నడు. నీ కంపెనీలు గూడ గట్లనే ఊపినయి” అని, ఆవిడ పప్పు రుద్దడం మొదలుపెట్టింది.

ఆమెకు తెలియని సంగతి నాకు తెలుసు కదా. నేను గుమాస్తాను. వద్దన్న మాటకు సాక్ష్యం లేకపోతే అది గాలిమాట. మా ఆఫీసులో ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోకుండా ఎవరూ గది దాటరు. నేను ఇన్నిసార్లు తిరస్కరించి ఒక్కసారైనా ముద్ర వేయించుకోలేదు. తప్పు ఇక్కడే జరిగిందనుకున్నాను. ఒక పాత రూళ్ల రిజిస్టరు తీసి గళ్లు గీశాను. వరుస నెంబరు, తేదీ, సైటు పేరు, నేను నొక్కినది, రిమార్కులు. ‘అన్నీ తిరస్కరించడమైనది’ అని ప్రతి వరసలో రాసి పొట్టి సంతకం పెట్టాను. రిమార్కుల గడిలో ఎక్కువగా ‘వినలేదు’ అనే రాయాల్సొచ్చింది. అంతటితో ఊరుకున్నానా? నొక్కే ముందు, నొక్కిన తర్వాత స్క్రీన్‌షాట్లు తీసి, వాటిని చౌరస్తాలో జిరాక్సు షాపుకు పట్టుకుపోయి ప్రింట్లు తీయించి ఫైలులో కుట్టాను.

నాలుగో రోజు జిరాక్సు షాపాయన ప్రింట్లు చేతికిస్తూ, మెల్లగా అడిగాడు. “కాకకు ఎట్లున్నదన్నా? ఏ స్టేజీ?”

ప్రతి ప్రింటు మీదా ఆ జబ్బు పేరు అరచేతి వెడల్పున ఉంది. ఎవరికీ తెలియకూడదని నేను చేసిన మొదటి పని దాన్ని చౌరస్తాలో ప్రింటు తీయించడం. ఇంత తెలివి నాకు ఎవరిచ్చారో నాకే తెలియదు. “మా బాపుకు కాదు, దోస్తుకు” అన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మలేదని ఆ ఊపుడులోనే తెలిసింది.

ఇంట్లో పరిస్థితి వేరే రకంగా చెడుతోంది. చర్చిలో పాటయ్యాక ప్రార్థన మనవులు అడుగుతారు. జ్వరమొచ్చిన వాళ్లు, పరీక్ష రాసే వాళ్లు లేచి నిలబడి చెబుతారు, అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. నా భార్యకు ఆ అలవాటు ఊపిరి తీసుకున్నంత సహజం. ఇప్పుడు నిలబడి ఏమని చెప్పాలి, పక్కనే మామ కూర్చుని ఉంటే? ఒక ఆదివారం పట్టలేక లేచి, “ఒక చెప్పుకోలేని మనవి ఉన్నది” అని కూర్చుంది. చెప్పుకోలేనిది అన్నాక ఊరుకుంటారా? వాకిట్లో చెప్పులు తొడుక్కునేలోపే నాకు కొత్తగా తాగుడు అలవాటైందని ఒకరు, అప్పు చేశానని ఒకరు తేల్చేశారు. బాపు మాత్రం ఆమెను ఏమీ అడగలేదు. ఆయన ఆ మధ్య ఎవర్నీ ఏమీ అడగడం లేదు. నాకు అది మంచికే అనిపించింది.

ఒక్కరోజు మాత్రం ఫోను గురించి అడిగాడు. అరుగు మీద కూర్చుని నేను ఏదో సైటులో గడులు జరుపుతుంటే పక్కన చేరాడు.

“ఏంది రోజూ గట్ల నొక్కుతవు?”

“మనం ఏం చూస్తున్నమో వెనక నుంచి రాసుకుంటరు బాపూ. రాసుకోవచ్చునా అని అడుగుతరు. వద్దని నొక్కుతున్న.”

“వద్దంటె రాసుకోరా?”

“రాసుకుంటున్నరు.”

“మరి అడుగుడెందుకు?”

నేను ఇంకో గడి జరిపాను. బాపు కొంచెంసేపు దగ్గి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. తువ్వాలను మడిచి, చూడకుండా జేబులో పెట్టుకున్నాడు.

“మా బాయి మొకం కాడ జేబులు తడిమేటోడు ఉంటుండె. బీడీ ఉన్నదా, అగ్గిపెట్టె ఉన్నదా అని అడుగకపోతుండె. సక్కగ చెయ్యి పెట్టుడే. మేనేజరొచ్చినా అంతే. లోపల గ్యాసుంటది, ఒక్క పుల్ల గీస్తె వందమంది పోతరు. అందుకే ఎవ్వరం కోపానికి రాకపోతుంటిమి. వీళ్లకు ఏం గ్యాసున్నదని మన జేబులు తడుముతున్నరు?”

“అమ్ముకోనీకె బాపూ.”

“అమ్ముకునేటోడు మర్యాద ఎక్కువ చేస్తడు” అన్నాడు. ఆ మాటకు నేను చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆయన నవ్వలేదు. నా చేతిలో ఫోను వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఊపులోనే ఒక సైటుకు ఫిర్యాదు రాశాను. గోప్యతా అధికారి అని పేజీ అడుగున ఒక అడ్రసు ఉంది. తెల్లకాగితం మీద ‘గౌరవనీయులైన అయ్యా’ అని మొదలుపెట్టి, విషయం, సూచిక, జతపరచిన కాగితాల వివరం, కింద మెయిల్ ఐడీ రాసి, పదిహేడు ప్రింట్లు కుట్టి, రశీదు కార్డుతో రిజిస్టరు పోస్టు చేశాను. కార్డు సంతకంతో తిరిగొచ్చింది. నాకు పట్టరాని ఆనందం. వెంటనే మెయిలూ వచ్చింది. ‘మీ గోప్యత మాకు ముఖ్యం. మీ ఫిర్యాదుపై మా జవాబు చదవడానికి ఇక్కడ నొక్కండి’ అని. నొక్కాను. పెట్టె అడ్డం వచ్చింది, కుకీలు పెట్టుకోమంటారా అని.

ఫోను గోడకేసి కొట్టబోయి, వాయిదాలింకా తీరలేదని గుర్తొచ్చి ఆగాను.

చివరికి మా ఏరియా ఆఫీసులో కంప్యూటర్ల విభాగం చూసే మేడం దగ్గరికి పోయాను. వాళ్ల నాన్నగారు ఇంజనీరుగా కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ పుట్టిందీ చదివిందీ ఇక్కడే అయినా మాట మాత్రం ఇంట్లో వాళ్ల కోస్తా మాటే. జబ్బు పేరు చెప్పకుండా, ‘ఒక విషయం’ అని చెప్పి రిజిస్టరు ముందు పెట్టాను. ఆవిడ మొదటి పేజీ, రెండో పేజీ తిప్పి, నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది.

“ఇన్నిసార్లు నో నొక్కారా? మీ ఓపికకు దండం పెట్టాలండి.”

“నొక్కినా ఎందుకొస్తున్నాయి మేడం?”

“కొన్ని సైట్లు మీరు నొక్కేలోపలే పెట్టేస్తాయండి. తలుపు కొట్టి, మీరు తీసేలోపు వెనకనుంచి వచ్చి కూర్చున్నట్టు. ఇంకొన్ని, రెండో పేజీలో ‘చట్టబద్ధమైన ప్రయోజనం’ అని ఇంకో వరస గడులు పెడతాయి. అవి ముందే ఎస్ అని ఉంటాయి. మీరు చూసుండరు.”

“చూసిన. అవి కూడా జరిపిన.”

“అయితే ఇంకో సంగతి చెప్తాను, కోప్పడకండి. మీరు నో అన్నారని గుర్తుపెట్టుకోవడానికి కూడా వాళ్లు ఒక కుకీ పెడతారు.”

నేను కోప్పడలేదు. కోపం కూడా ఒక హద్దు దాటితే అలసటగా మారుతుందని ఆ కుర్చీలో తెలిసింది. ఆవిడ నా ఫోను తీసుకుని చూసి, అసలు ముడి పట్టుకుంది. మా ఇంట్లో టీవీకీ, నా ఫోనుకూ, బాపు ఫోనుకూ ఒకటే మెయిల్ ఐడీ. పెన్షనుకు ఏటా బతికున్నట్టు సర్టిఫికెటు కావాలి కదా, దానికోసం నెట్ సెంటరాయన బాపు పేరున ఒక ఐడీ చేసిచ్చాడు. ఉన్నది ఉండగా ఇంకోటి ఎందుకని కాలనీలో అందరం అదే చేస్తాం. ఇంటికొక రేషను కార్డు, ఇంటికొక ఐడీ. నేను వరండా చివరి కుర్చీలో గుట్టుగా వెతికిందంతా మా బాపు పేరు మీదే వెతికానన్నమాట.

“మీరు వద్దన్నది సైట్ల వాళ్లకండి. ఈ ఐడీకి మీరెప్పుడు వద్దన్నారు?” అంది మేడం. తర్వాత తనే నాకు వేరే ఐడీ చేసి, ఏవేవో మూసి, టీవీలో, బాపు ఫోనులో ఏమేం చేయాలో కాగితం మీద రాసిచ్చింది. లేచేటప్పుడు, “మీ నాన్నగారికి బాగుండాలండి” అంది. నేను చెప్పనే లేదు. రిజిస్టరులో సైట్ల పేర్లున్నాయి కదా.

ఆ రోజే బాపు ఫోను ‘అప్‌డేటు చెయ్యాలె’ అని తీసుకుని అన్నీ మార్చాను. టీవీ మార్చాను. మూడు రోజులు కాపలా కాశాను. పాస్టరుగారి మధ్యలో నెయ్యి వచ్చింది, గోడల రంగు వచ్చింది, ఒక ట్రాక్టరు వచ్చింది. ఆ ట్రాక్టరును చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచాననుకున్నాను. నా భార్యతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. “చూసినవా, పట్టుబట్టితె అయితది” అన్నాను.

ఆ వారం చివర్లో, జనరల్ షిఫ్టు దిగి ఐదున్నరకు ఇంటికొచ్చాను. బాపు మంచం మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. కొత్తవాళ్లతో మాట్లాడే గొంతు అది.

“ఆఁ, డెబ్బై రెండు. ఆఁ, బాయిల చేసిన. రక్తం పడుతున్నది, అవును. ఎండాకాలం సంది.” కొంచెంసేపు విన్నాడు. నన్ను చూశాడు. “ఒక్క నిమిషం ఆగు బిడ్డా, మా కొడుకచ్చిండు, అడిగి చెప్త.”

ఫోనును అరచేత్తో మూశాడు.

“నేను ఏ స్టేజీల ఉన్ననురా? ఆ పిల్ల అడుగుతున్నది.”

నా చేతిలో టిఫిను డబ్బా ఉంది. నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఏ పిల్ల, ఎవరు చేశారు, నీ నెంబరు వాళ్లకెట్లా పోయింది అని నోటికొచ్చిందంతా అడిగాను.

“నేనే ఇచ్చిన” అన్నాడు బాపు. “నెల సంది నాకు గవే వస్తుండె. పొద్దుగాల గదే, మాపటీలి గదే. నిమ్ము ఉన్నోనికి గవి ఎందుకొస్తయి? నువ్వు ఫోను తీసుకొని మార్చకముందే, ‘ఉచిత సలహా’ అన్నకాడ నొక్కిన. కింద పచ్చగ ఒకటి ఉన్నది, గది గూడ నొక్కిన. ఇయ్యాల చేసిండ్రు.” ఫోను వైపు చూసి, “జల్ది చెప్పు. పాపం, ఆగుతున్నది” అన్నాడు.

అప్పుడు కూడా నా నాలుక మీద ‘నిమ్ము’ అనే మాటే ఉంది. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. హైదరాబాదులో చూసినట్టే.

“నాలుగు బాపూ” అన్నాను.

ఆయన చేయి తీసి ఫోను చెవికి పెట్టుకున్నాడు. “నాలుగట బిడ్డా” అన్నాడు. అవతల ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడింది. ప్యాకేజీలు చెబుతోందని వినబడుతూనే ఉంది. బాపు ఓపిగ్గా విని, “మంచిది బిడ్డా. మాకు డాక్టరు ఉన్నడు. మల్ల చెయ్యకు” అని పెట్టేశాడు. పావుగంట తర్వాత మళ్లీ చేసింది. ఇంకో నెంబరు నుంచి ఒకాయన చేశాడు. బాపు ప్రతిసారీ ఎత్తి, వద్దని చెప్పి, పెట్టేశాడు. కోపం తెచ్చుకోలేదు. ఆ కోపమంతా నేను పడుతున్నాను, ఫోను మీద, ఆ అమ్మాయి మీద, పచ్చ బటన్ మీద. ఎవరి మీద పడాలో తెలుస్తూనే ఉన్నా దాన్ని పక్కకు జరుపుతున్నాను.

“బాపూ, నువ్వు బెంగ పెట్టుకుంటవని...” అని మొదలుపెట్టాను.

“రైల్ల నీకు చెప్పిన” అన్నాడు ఆయన. “సరే అన్నవు.”

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నన్ను అడిగాడు, నేను సరే అన్నాను, తర్వాత నాకు తోచింది నేను చేశాను. నెల రోజులుగా నేను రోజూ పొద్దున లేచి తిట్టిన వాళ్లెవరూ ఆ మంచం దగ్గర లేరు. నేనే ఉన్నాను.

“ఇంకేం దాచినవు?” అని అడిగాడు.

కీమో సంగతి చెప్పాను. ఎక్కిస్తే కొన్ని నెలలు రావచ్చని డాక్టరు అన్నాడని, మేమే వద్దన్నామని చెప్పాను. నా భార్య గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. బాపు ఆమె వైపు తిరిగి, “ఏడువకు బిడ్డా, నీ మీద కోపం లేదు. చాయ పెట్టు” అన్నాడు. నా మీద ఉందో లేదో చెప్పలేదు.

రిపోర్టుల కవరు తెమ్మన్నాడు. బీరువాలో, నా బట్టల కింద దాచింది తెచ్చి ముందు పెట్టాను. మొదటి కాగితం నుంచి చదవమన్నాడు. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివి, తెలుగులో చెప్పాను. తెలియని మాట వస్తే తెలియదని చెప్పాను. ఆయన మధ్యలో రెండుసార్లు ఆపి, “గది మల్ల చదువు” అన్నాడు. ఆఖరి కాగితం అయ్యేసరికి చాయ మీద మీగడ కట్టింది. ఆ మీగడను వేలితో తీసి పక్కన పెట్టి, చల్లటి చాయ తాగాడు.

“ఎల్లుండికి టికెట్లు చెయ్యి. డాక్టరుతోని నేను మాట్లాడుత. మందు ఎక్కిచ్చుకునుడా, వద్దా, ఆయన చెప్పింది విని నేను చెప్త.”

“నేను రావాల్నా బాపూ?” అన్నాను. యాభై మూడేళ్లొచ్చాయి నాకు, గొంతు మాత్రం బడి పిల్లవాడిదిలా వచ్చింది.

ఆయన కాగితాలన్నీ సర్ది కవరులో పెట్టుకున్నాడు.

“సంచి పట్టుకునుడుకు రా” అన్నాడు.

రెండు టికెట్లు చేశాను.